దెబ్బ ఎక్కడ తగిలిందో అడగండి

ఊళ్లో కొట్లాటలు పెరిగాయనగానే గస్తీ పెంచమంటారు. సరే, ఏ వీధిలో, ఏ వేళలో? ఠాణా రికార్డులు చూస్తే సరిపోదు. దెబ్బలు తిని ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామంది ఫిర్యాదు చేయరు. కొట్టినవాడి భయం కొందరికి, కేసంటూ తిరగలేమన్న బెంగ ఇంకొందరికి.

బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో జొనాథన్ షెపర్డ్ అనే ముఖ శస్త్రవైద్యుడు ఈ లోటు పూడ్చే పద్ధతి మొదలుపెట్టారు. ఎమర్జెన్సీలో పేరు రాసుకునే రిసెప్షన్ సిబ్బందే మరికొన్ని ప్రశ్నలు అడుగుతారు: ఎక్కడ జరిగింది, ఏ రోజు, ఎన్నింటికి, దేనితో కొట్టారు. అంతే. నర్సుల మీద ఈ పని వేస్తే రద్దీలో మొదట వదిలేసేది ఇదే.

‘ఎక్కడ’ అన్న దగ్గరే పని చెడుతుంది. ‘సెంటర్‌లో’ అని రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఏ బార్, లోపలా బయటా, ఏ మలుపు అన్నది రాయాలి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా తీసేశాకే వివరాలు ఆసుపత్రి గడప దాటాలి. ఈ నమ్మకం ఒక్కసారి పోయిందంటే గాయపడినవాళ్లు నిజం చెప్పడం మానేస్తారు.

నెలనెలా వీటిని పోలీసు లెక్కలతో కలిపి చూడాలి. వైద్యుడు, పోలీసు అధికారి, నగరపాలక సంస్థ మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. గ్లాసు గాయాలు ఎక్కువైతే పగిలినా పదునైన పెంకులు కాని గాజు పెట్టించడం, ఒకే బార్ పదేపదే వస్తే లైసెన్సు మీద నిలదీయడం, గస్తీ వేళలు మార్చడం అక్కడే తేలాలి. ఏ పని ఎవరిదో, ఎప్పటికి పూర్తవ్వాలో రాసుకోకపోతే అది ఉత్త సమావేశమే. వచ్చిన మార్పును రిసెప్షన్ వాళ్లకూ చెప్పాలి. చెప్పకపోతే కొన్నాళ్లకు ఆ ప్రశ్నల జవాబుల గడులు ఖాళీగా వస్తాయి.

2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం, హింస వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లు కార్డిఫ్‌లో నెలకు లక్ష జనాభాకు 7 నుంచి 5కు తగ్గారు. పోల్చి చూసిన నగరాల్లో 5 నుంచి 8కి పెరిగారు.

ఇంట్లో జరిగే హింసకు మాత్రం ఎక్కడ, ఎప్పుడు అన్న ఈ లెక్క చాలదు. దెబ్బ ఎలా తగిలిందో భర్త పక్కనుండగా అడిగితే ‘జారిపడ్డాను’ అనే జవాబే వస్తుంది. వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి అడగాలి. సాయం ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే ఆమె నిజం చెప్పిన మరుక్షణం అది అవసరమవుతుంది.