75 మిల్లీగ్రేతో నా కుస్తీ

"రేడియేషన్ ఇస్తే ఎలుకలో రోగనిరోధక శక్తి పడిపోతుంది కదా, మరి కణితిని ఎలా అడ్డుకుంటుంది?" ఎలుకలకు ముందుగా కాస్త రేడియేషన్ ఇస్తే, తర్వాత ఎక్కించిన కణితి పెరుగుదల తగ్గుతుందా అని చూడటమే నా పీహెచ్‌డీ పని. దానికి అనుమతి అడగడానికి వెళ్తే ఎథిక్స్ కమిటీలో నాకు పడిన ప్రశ్న ఇది. కీలకమంతా డోసులో ఉంది. ఒళ్లంతటికీ ఒకేసారి 4 గ్రే (శరీరం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత గ్రే) ఇస్తే లింఫోసైట్లు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, కుప్పలుగా చచ్చిపోతాయి, ఎక్కించిన కణితికి ఇక ఎదురుండదు. 75 మిల్లీగ్రే (0.075 గ్రే) దగ్గర మాత్రం లింఫోసైట్లలో ఒక రకమైన టీ కణాలు చురుకైన దాఖలాలున్నాయి. చైనాలో లియు షుజెంగ్ బృందం ఈ డోసు మీదే ఏళ్ల తరబడి పనిచేసింది.

ఎలుకలు, కణితి కణాలు ఒకే వంశానివి కావాలి. లేకపోతే శరీరం పరాయి కణాలని తోసేస్తుంది, ఆ ఘనత రేడియేషన్ ఖాతాలో పడుతుంది. అందుకే సీ57 బ్లాక్ 6 అనే వంశం ఎలుకలకు, అదే వంశంలో పుట్టిన బీ16 మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలను ఎంచుకున్నాం. నిరోధక కణాల కంట పడకుండా తప్పించుకునే రకమది, కాస్త మొండి ఎంపికే.

అసలు టెన్షన్ ఎక్స్‌రే మెషీన్‌తోనే. అది పెద్ద డోసుల కోసం పెట్టింది. దగ్గరగా ఉంచితే 75 మిల్లీగ్రే కొద్ది సెకన్లలో అయిపోతుంది, ఆన్, ఆఫ్ చేసేటప్పటి చిన్న తేడాకే లెక్క మారిపోతుంది. కరెంటు తగ్గించాం, రాగి ఫిల్టర్ వేశాం, ఎలుకల పెట్టెను వీలైనంత దూరం జరిపాం. పెట్టె మధ్యలోనూ మూలల్లోనూ పడిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ చిప్పులు పెట్టి చూశాం. ఆ అంకెలు దగ్గరపడేదాకా మా గైడ్ మేడం ఒక్క ఎలుకనూ ముట్టనివ్వలేదు.

కంట్రోల్ ఎలుకల్నీ అదే గదికి మోసుకెళ్లి, అంతసేపూ అదే పెట్టెలో ఉంచి, బీమ్ వేయకుండా తెచ్చేవాళ్లం. చూసేవాళ్లకు వెర్రిగా అనిపించేది. కానీ ఆ కంగారుకే స్ట్రెస్ హార్మోన్లు పెరిగి రక్తంలో లింఫోసైట్లు తగ్గుతాయి మరి.

కొన్ని గంటల తర్వాత పక్క భాగంలో చర్మం కింద కణాలు ఎక్కించాం. సిరంజిలో కణాలు అడుక్కి దిగిపోతాయి, ప్రతి ఎలుకకూ ముందు మెల్లగా తిరగేయాలి. రెండు గుంపుల్లో ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి ఎక్కించాం, లేకుంటే చివరి గుంపుకు నీరసించిన కణాలే మిగులుతాయి. కాలిపర్‌తో కొలిచే అమ్మాయికి ఏది ఏ గుంపో చెప్పలేదు.

రేడియేషన్ పడ్డ గుంపులో కణితులు కాస్త ఆలస్యంగా చేతికి తగిలాయి. తర్వాత గ్రాఫులో రెండు గీతలూ చాలాచోట్ల కలిసిపోయాయి. "ఆ ఆలస్యం సీడీ8 కణాల వల్లేనా? వాటిని తీసేసి చూడు" అన్నారు మేడం. కణితి కణాలను చంపే టీ కణాలవి. వాటిని తొలగించే యాంటీబాడీకి ఇండెంట్ పెట్టాను.