కానుకకు ముందు పద్యం

నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేసేవారికి ఏడాది చివర చాలా సంస్థలు కెర్స్ట్‌పక్కెట్ అనే క్రిస్మస్ పెట్టెను ఇస్తాయి. జున్ను, బిస్కెట్లు, చాక్లెట్లు, ఒక్కోసారి వైన్ సీసా సర్దిన ఆ పెట్టె మా ఆఫీసులో డైరెక్టరుకూ, నిన్నగాక మొన్న చేరినవారికీ ఒకే తీరున అందడం నాకు నచ్చుతుంది. అయితే ఈ దేశాన్ని నాకు దగ్గర చేసినది ఆ పెట్టె కాదు, దానికంటే ముందు డిసెంబర్ 5 సాయంత్రం వచ్చే సింటర్‌క్లాస్ పండుగ.

నేటి తుర్కియేలోని మైరా పట్టణంలో బిషప్‌గా ఉండిన సెయింట్ నికోలస్ పేరిట జరిగే ఈ పండుగకు, ఇక్కడివారు సింట్ అని పిలుచుకునే ఆయన స్పెయిన్ నుంచి ఆవిరి ఓడలో వస్తాడని పిల్లలకు చెబుతారు. పెద్దలైతే కొన్ని వారాల ముందే చీట్లు తీసి, తమకు ఎవరి పేరు వచ్చిందో బయటపెట్టకుండా, ఆ మనిషి కోసం ఒక చిన్న వస్తువు కొని, దానిని అట్టతోనో కాగితపు గుజ్జుతోనో స్వయంగా చేసిన ఒక బొమ్మలో దాచి, అంత్యప్రాసలతో ఒక పద్యం జతచేస్తారు. దాని కింద సంతకం సింట్‌దే. కానుక అందుకున్నవారు పద్యాన్ని అందరి ముందూ పైకి చదివిన తరువాతే బొమ్మను విప్పాలి. వస్తువు ఖరీదుకు ముందే హద్దు పెట్టుకుంటారు కనుక డబ్బుతో మెప్పించే వీలుండదు. మెప్పించాలంటే ఆ మనిషిని గమనించి ఉండాలి. పద్యంలో మేనేజరును కూడా ఆటపట్టించవచ్చు. పై అధికారి ఎదుట ఆచితూచి మాట్లాడే అలవాటుతో వచ్చిన నాకు అది మొదట్లో మింగుడుపడలేదు.

ఒక ఏడాది నాకు వచ్చింది అట్టతో చేసిన టెలిఫోన్ బూత్. శీతాకాలంలో ఇక్కడికీ భారతదేశానికీ నాలుగున్నర గంటల తేడా ఉంటుంది. అమ్మ నిద్రపోకముందే మాట్లాడాలని నేను రోజూ సాయంత్రం నాలుగింటికి ఆఫీసు బయట చలిలో నిలబడి ఫోన్ చేసేవాణ్ణి. ఆ సంగతిని ఎవరో చూశారని, అమ్మతో మాట్లాడేటప్పుడు నా గొంతు మారుతుందని కూడా కనిపెట్టారని ఆ పద్యం చదివితే తెలిసింది. బూత్ లోపల ఉన్నవి వేళ్ళతో తెర మీద నొక్కడానికి వీలైన ఉన్ని చేతి తొడుగులు. ఎంతో ఖరీదైన బహుమతులు కూడా నన్ను అంతగా కదిలించలేదు.

అప్పటినుంచి నాకు చీటీలో ఎవరి పేరు వచ్చినా వారికి తెలుగులో ఆటవెలది రాసి, కింద డచ్ భాషలో భావం ఇస్తున్నాను. సూర్యగణాలు, ఇంద్రగణాలు లెక్క చూసుకుంటూ, యతి కుదిరే మాట కోసం వెతుకుతూ ఉంటే ఆ మనిషి గురించి ఇంకా ఆలోచించవలసి వస్తుంది. అలా తట్టిన విషయమే చాలాసార్లు పద్యానికి ప్రాణమవుతుంది.

ఈ పద్ధతినే మా తెలుగువారి మధ్యకూ తెచ్చాను. డిసెంబర్ 25, 26 రెండూ ఇక్కడ సెలవులే. సహోద్యోగులందరూ తమ కుటుంబాలతో గడిపే ఆ రెండు రోజులు, కొత్తగా వచ్చి ఒంటరిగా ఉండేవారికి చాలా భారంగా గడుస్తాయి. అందుకే 26వ తేదీ సాయంత్రం మా ఇంట్లో కలుస్తాం. కానుక పది యూరోలు దాటకూడదు, పద్యం మాత్రం తప్పనిసరి. ఛందస్సు రానివారు వచనంలో రాసుకోవచ్చు. కిందటేడు చీట్లు వారం ముందు మాత్రమే తీయడంతో కొత్తవారి గురించి రాయడానికి ఎవరికీ పెద్దగా ఏమీ దొరకలేదు. ఈసారి నవంబర్ నెలాఖరులోనే తీసి, ఆ తరువాత అందరం కనీసం రెండుసార్లు కలిసి భోజనం చేయాలని నిర్ణయించుకున్నాం.