తొమ్మిది రోజుల జ్వరం

2023 ఫిబ్రవరిలో, 28 ఏళ్ల వయసులో నాకు గుండెపోటు వచ్చింది. ఛాతీ మధ్య బండ పెట్టినట్లున్న నొప్పి ఎడమ దవడ దాకా పాకినా, మొదట చూపించుకున్న చోట ఈ వయసులో గుండె జబ్బేమిటని గ్యాస్ మందు ఇచ్చి పంపారు. మర్నాడు హైదరాబాదులో ఈసీజీ తీసి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశాక గానీ సంగతి తేలలేదు.

యాంజియోగ్రామ్‌లో, గుండె ముందుభాగానికి రక్తం అందించే ధమని మొదట్లోనే 9 మిల్లీమీటర్ల వెడల్పున బుడగలా ఉబ్బి, గోడ సున్నం పేరుకుని గట్టిపడి, ఆ ఉబ్బు చివర సన్నబడిన చోట రక్తం గడ్డకట్టి కనిపించింది. డాక్టరు గారు దాన్ని చాలాసేపు చూసి, మా అమ్మ వైపు తిరిగి, "చిన్నప్పుడు బాబుకు ఎన్నాళ్లకీ తగ్గని జ్వరం ఏమైనా వచ్చిందామ్మా?" అని అడిగారు.

అమ్మకు అంతా గుర్తుంది. 1999 వేసవిలో, తెనాలిలో, నా నాలుగో ఏట తొమ్మిది రోజులు జ్వరం విడవలేదట. పుసి కట్టకుండానే కళ్లు ఎర్రబడ్డాయి, పెదవులు పగిలాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. తట్టు అనుకుని వేపాకు పరిచి పడుకోబెట్టారు. జ్వరం తగ్గిన వారానికి వేలికొనల చర్మం పొట్టులా ఊడిందని అమ్మ చెప్పగానే ఆయన కవాసాకి వ్యాధి అన్నారు.

రక్తనాళాల గోడలు వాచే ఈ జబ్బును జపాన్ పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి 1967లో 50 మంది పిల్లల వివరాలతో ప్రకటించారు. చికిత్స అందని పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి గుండె ధమనులు దెబ్బతింటాయి; జ్వరం మొదలైన 10 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కిస్తే ఆ ముప్పు 5 శాతం దగ్గరకు దిగుతుంది. చిన్న ఉబ్బులు చాలావరకు ఒకటి రెండేళ్లలో సర్దుకుంటాయి గానీ, 8 మిల్లీమీటర్లు దాటినవి అలా సర్దుకోవడం అరుదు.

ఛాతీ గోడ లోపలి ధమనిని కలిపి బైపాస్ చేశారు. దగ్గు వచ్చినప్పుడల్లా దిండు గుండెకు అదుముకుని గడిపిన ఆ నెల కన్నా, "నేనే కనిపెట్టలేకపోయాను" అని అమ్మ కుమిలిపోవడమే నాకు కష్టమైంది. ఆమె గుర్తుపెట్టుకున్న ఆ పొట్టే జబ్బును పట్టించిందని ఎన్నిసార్లు చెప్పానో.

ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, వార్ఫరిన్ వేసుకుంటూ, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా చేయించుకుంటున్నాను. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తింటే వార్ఫరిన్ పనితీరు మారుతుంది కనుక, అమ్మ గోంగూరను గిన్నెతో కొలిచి వండుతోంది.