తకగమినే కంచె: కోఎత్సు పేరు వెంట క్యోటోకి

రికార్డులు వినేవాళ్లకు కోఎత్సు అంటే కార్ట్రిడ్జ్, అంటే రికార్డు గాడిలో నడిచే ముల్లు కదలికను కరెంటుగా మార్చే చిన్న పరికరం. క్యోటోలో మాత్రం కోఎత్సు అంటే 400 ఏళ్ల కిందటి మనిషి. జపాన్‌లో చేత్తో మూవింగ్ కాయిల్ (ముల్లుతో పాటు సన్నటి తీగచుట్ట కదిలే రకం) కార్ట్రిడ్జ్‌లు చేసిన యోషియాకి సుగానో తన పనికి ఆ మనిషి పేరే పెట్టుకున్నారు. సుగానో 2002లో పోయారు, పనిని కొడుకు ఫుమిహికో అందుకున్నారు. పెద్దాయన్ని తలుచుకోవడానికి ఆ పేరుగల మనిషి బతికిన చోటే తగినదనిపించి, చలికాలం చివర్లో క్యోటో ఉత్తరాన ఉన్న తకగమినే వెళ్లాను.

క్యోటో స్టేషన్ నుంచి కరసుమ లైను సబ్‌వేలో కితఓజికి 260 యెన్లు. అక్కడి బస్ టెర్మినల్‌లో 'కిత 1' ఎక్కి గెంకోఅన్ స్టాపులో దిగాలి, 230 యెన్లు. ఎక్కేది వెనక తలుపు, డబ్బులిచ్చి దిగేది ముందు తలుపు. ఉత్త బస్సులకే ఉండే రోజు పాసు ఎత్తేశారు. ఇప్పుడున్న సబ్‌వే-బస్సు పాసు 1,100 యెన్లు. రానూపోనూ కలిపి 980 అయ్యేచోట అది దండగ.

స్టాపు పక్కనే గెంకోఅన్ గుడి, గుండ్రటి కిటికీ, చదరపు కిటికీ. జనమంతా అక్కడే ఆగిపోతారు. కోఎత్సు పేరున్న గుడి కోఎత్సుజి ఇంకో మూడు నిమిషాల నడక. మేపుల్ చెట్ల మధ్య సన్నటి రాతిబాట, గడ్డికప్పు గంటమండపం, లోపల టీ కుటీరాలు. నవంబరులో ఎర్రాకుల కోసం విపరీతమైన రద్దీ. ఇక్కడి వెదురు కంచెను తీరిగ్గా చూడాలంటే ఆకులు రాలాకే రావాలి.

హొనామి కోఎత్సు (1558–1637) కత్తులకు సానపెట్టి, వాటి విలువ కట్టే ఇంట్లో పుట్టాడు. 1615లో అప్పటి జపాన్ ఏలిక తొకుగావా ఇయెయాసు ఈ నేలనిస్తే, పనివాళ్లను వెంటబెట్టుకొచ్చి ఇక్కడ ఊరు కట్టాడు. మట్టి గిన్నెలు చేశాడు, అక్షరాలు రాశాడు. ఆయన చేసిన సిరాపెట్టె ఒకటి టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. ఉబ్బెత్తు మూత, బంగారు పూత మీద అడ్డంగా సీసపు పట్టీ, మూత మీది బొమ్మలో అదే వంతెన. సుగానో కార్ట్రిడ్జ్‌లలో 'ఉరుషి' (ఆ పెట్టెకు పూసిన జపాన్ పూత) రకం ఎందుకుందో ఆ పెట్టె చూస్తే తెలుస్తుంది. ఉరుషిని లక్క అనేస్తే మనకు ఏటికొప్పాక గుర్తొస్తుంది గానీ రెండూ వేరు. మనది పురుగు లక్క, వేడికి కరుగుతుంది. ఉరుషి చెట్టు పాలు, తేమగాలిలో గట్టిపడుతుంది. ఎండ తగిలితే మెరుపు పోతుంది కాబట్టి టర్న్‌టేబుల్‌ను కిటికీ పక్కన పెట్టొద్దు.

తైక్యోఅన్ కుటీరం ముందున్నదే కోఎత్సు కంచె. చీల్చిన వెదురును ఏటవాలుగా అల్లి, పైన కట్టలు కట్టి వంపు తిప్పారు. ఎత్తు తగ్గుతూ తగ్గుతూ చివర నేలకు ఆనుతుంది. పడుకున్న ఎద్దు కంచె అని దానికి ఇంకో పేరు. వెదురు పుచ్చిపోతే అదే వంపులో మళ్లీ కడతారు.

కార్ట్రిడ్జ్‌లో ఆ వెదురులా పాడయ్యేది డ్యాంపర్, అంటే ఊగుడును అదుపు చేసే రబ్బరు. ముల్లును మోసే బోరాన్ కడ్డీ వెనక చివర ఈ రబ్బరూ దాన్ని బిగించే సన్నతీగా కలిసే సస్పెన్షన్. ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది, లేదా జావగారుతుంది. గట్టిపడితే కార్ట్రిడ్జ్ ఎత్తుగా నిలిచి బేస్ (మంద్ర) స్వరాల దగ్గర ముల్లు గాడి తప్పుతుంది. మెత్తబడితే ముల్లు మీద వేసే 1.8 గ్రాముల బరువుకే కార్ట్రిడ్జ్ పొట్ట రికార్డుకు తగులుతుంది. కొత్త ముల్లు అతికించేవాళ్లు చాలామందే ఉన్నారు. తీగ బిగువును చేసినవాడి లెక్కకు తేవడమే కష్టం. బోరాన్ తీసి అల్యూమినియం పెడితే అది మోగుతుంది గానీ సుగానో కార్ట్రిడ్జ్ కాదు.

పాతది కొనేటప్పుడు భూతద్దంలో ముందు నుంచి చూడండి, కడ్డీ నిటారుగా ఉండాలి. లోపలి తీగచుట్ట బాగుందో లేదో చూద్దామని మల్టీమీటర్ పెట్టకండి. వెంట్రుక కన్నా సన్నటి తీగ అది, పరీక్ష కరెంటుకే దెబ్బతినొచ్చు.

కార్ట్రిడ్జ్‌ను మోసే టర్న్‌టేబుల్ ఆర్మ్ ఎంపికలో చాలామంది పొరబడతారు. కాగితం మీద కంప్లయన్స్ (కడ్డీ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే అంకె) 5 అని ఉంటుంది, అది 100 హెర్ట్జ్ దగ్గర కొలత. 10 హెర్ట్జ్ దగ్గర సుమారు 9 అనుకోవచ్చు. 12 గ్రాముల ఆర్మ్‌కు 9 గ్రాముల చెక్క కార్ట్రిడ్జ్ తగిలిస్తే 21ని 9తో గుణించి, వర్గమూలంతో 159ని భాగించాలి: 11.6 హెర్ట్జ్, ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి తమంతట తాము ఊగే వేగం ఇది, బాగానే ఉంది. మరీ తేలిక ఆర్మ్ అయితే బరువెక్కువ ఉండే రాతి ఒంటి రకం నయం. సుగానో రకాల్లో ఒకటైన రోజ్‌వుడ్ సిగ్నేచర్ ఇచ్చేది 0.4 మిల్లీవోల్టులు, లోపలి నిరోధం 5 ఓములు. 47 కిలో ఓముల ఫోనో స్టేజీకి (రికార్డు సిగ్నల్ పెంచే పరికరం) ముందు 1:10 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 4 మిల్లీవోల్టులు, కార్ట్రిడ్జ్ మీద లోడ్ 470 ఓములు. 1:20 అయితే లోడ్ 117కు పడుతుంది, కొన్ని ఫోనో స్టేజీలు 8 మిల్లీవోల్టులకు గొంతు పగులుతాయి.

తోట చివర నిలబడితే ఎదురుగా తకగమినే, వషిగమినే, తెంగమినే, మూడు గుండ్రటి కొండలు. కోఎత్సు సమాధి ఈ ఆవరణలోనే ఉంది. తిరుగు బస్సు టైము దిగినప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.