మా లంక క్లినిక్ ఖర్చు ఎవరి జేబులోంచి? (నా అనుభవం)

పోయిన వేసవిలో మా గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ప్రభుత్వ వైద్య సేవల్లో ఖర్చు తగ్గించే మార్గాల మీద ప్రజల అభిప్రాయం తీసుకోవడానికి గ్రామసభ పెడుతున్నామని అందులో ఉంది. ఏ సేవ, ఎంత ఖర్చు, ఎందుకు తగ్గించాలి, ఇవేవీ లేవు. తేదీ, టైము మాత్రం ఉన్నాయి. ఉదయం పదకొండు గంటలకట.

అసలు సంగతి ఆశా వర్కర్ చెప్పింది. మా ఊళ్లో అద్దె ఇంట్లో నడుస్తున్న విలేజ్ క్లినిక్‌ని ఏటి అవతల గట్టు మీద ఊళ్లో ఉన్న క్లినిక్‌లో కలిపేద్దామనుకుంటున్నారు.

మాది గోదారి పాయ వైనతేయ పక్కనున్న లంక. కొబ్బరి, అరటి, కాస్త కూరగాయలు. గట్టు ఎక్కాలంటే కాజ్‌వే దాటాలి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతదాకా రాకముందే మా కాజ్‌వే మీద నీళ్లు పారతాయి. 2022 జూలైలో పాతిక లక్షలు దాటినప్పుడైతే గోదారి ఇళ్లలోకే వచ్చేసింది. వరద రోజుల్లో మాకు పడవే దిక్కు. ఆఫీసులో కూర్చుని మ్యాపు చూసేవాళ్లకి మాత్రం రెండు ఊళ్ల మధ్య ఉన్నది రెండు కిలోమీటర్లే.

నేను డ్వాక్రా సంఘాలకి లెక్కలు రాస్తాను, వీఓఏ అంటారు. పుస్తకం చూడందే ఏదీ నమ్మని అలవాటు ఆ పనిలోనే వచ్చింది. అందుకని ముందు ఆ ప్రతిపాదన కాగితం చూపించమని పంచాయతీ సెక్రటరీ గారిని అడిగాను.

"సభలో చదువుతారు కదమ్మా" అన్నారు.

సభలో చదివితే వింటాం, ఇక ఆలోచించేదెప్పుడు? సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడదామంటే జవాబుకి ముప్పై రోజుల గడువు ఉంటుంది, సభ ఈలోపే అయిపోతుంది. మా పెదనాన్న గారబ్బాయి అమలాపురం కోర్టులో గుమస్తా. ఆ అన్నయ్య ఒక దారి చెప్పాడు. 2005 నాటి ఆ చట్టంలోనే సెక్షన్ 4(1)(సి) ఉంది. జనం మీద ప్రభావం చూపే ముఖ్యమైన నిర్ణయాలు చేసేటప్పుడు వాటి వివరాలన్నీ ఎవరూ అడక్కుండానే బయట పెట్టాలని అది చెబుతుంది. కాపీలివ్వడానికి టైం పట్టేటట్టయితే రికార్డు చూసి నోట్సు రాసుకునే హక్కు కూడా ఉంది. ఈ రెండూ రాసి అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఈ అర్జీకి ఫీజు కూడా లేదు. ఆ వారంలోనే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి ఫోన్ వచ్చింది, వచ్చి చూసుకోమని.

చూస్తే ఉన్నది ఒకటే పేజీ. అద్దె, కరెంటు కలిపి నెలకి 4,600 రూపాయలు మిగులుతాయని మొదటి లైను. టీకాలు మోసుకొచ్చే మనిషికిచ్చే డబ్బులు, ఊడ్చే ఆవిడకిచ్చేది, రెండు చోట్ల స్టాకు రిజిస్టర్లు రాసే పని తగ్గుతాయని తర్వాతి లైన్లు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకి ఒక ఉపకేంద్రం (విలేజ్ క్లినిక్ అన్నా అదే) ఉండాలి కాబట్టి మా ఊరికి విడిగా అక్కర్లేదని చివరి లైను. ఇదే రాష్ట్రంలో విలేజ్ క్లినిక్‌లు పెట్టినప్పుడు 2,500 మందికి ఒకటి అన్నారు. కొండ, గిరిజన ప్రాంతాలకైతే 3,000 మందికే ఒక ఉపకేంద్రం ఇస్తారు, దారులు కష్టమని. లంకల దారి ఏ లెక్కలోకి వస్తుందో ఆ పేజీలో లేదు.

అక్కడి డాక్టర్ గారు కుర్రాయన, విసుక్కోకుండా మాట్లాడారు. ఆయన చెప్పిన ఒక మాట నాకు సబబుగానే అనిపించింది. తట్టు, రుబెల్లాలకి వేసే ఎమ్మార్ టీకా సీసా మూత తీశాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే. ఐదు జబ్బులకి వేసే పెంటావాలెంట్ లాంటివి చల్లగా దాచుకుంటే నాలుగు వారాల దాకా వాడుకోవచ్చు గానీ దీనికి ఆ వీలు లేదు. "ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాల్సిందేనండి, వెనక్కి పంపకూడదు. మీ ఊళ్లో ఒక్కో బుధవారం ఇద్దరే వస్తారు. ఐదు డోసుల్లో మూడు పోతాయి. గట్టు మీదా అంతే" అన్నారు. క్లినిక్ పోకూడదని వెళ్లిన నేను ఈ ఒక్క పాయింటు మాత్రం ఆయన పక్షాన రాసుకుని వచ్చాను.

స్టాకు రిజిస్టరు కూడా చూడమన్నారు. అది చూడటం మంచిదైంది. మా క్లినిక్‌లో దగ్గు సిరప్పులు డేటు దాటిపోయి అట్టపెట్టెల్లో ఉన్నాయి. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్, షుగరుకి వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రం నెలలో మూడో వారానికే అయిపోతున్నాయి. ఇక్కడ 105 రకాల మందులు ఉండాలని లెక్క. ఊళ్లో వాడకం ఎంతో చూడకుండా అన్ని క్లినిక్‌లకీ ఒకే తీరుగా ఇండెంటు (కావాల్సిన మందుల పట్టీ) పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. డబ్బు ఎక్కడ పోతోందో వెతికేవాళ్లు ముందు ఈ పుస్తకం తెరవాలి కదా!

తర్వాత సంఘాల మీటింగుల్లో అందరినీ అడిగాం. ఎవరింట్లో ఎవరు ప్రతి నెలా క్లినిక్ నుంచి మాత్రలు తెచ్చుకుంటున్నారు, గట్టు మీదకి వెళ్లాల్సి వస్తే ఆటోకి ఎంత, తోడు ఎవరు వెళ్లాలి. ఆడవాళ్లు ఇలాంటి లెక్క చెప్పడంలో ఒక్క రూపాయి తప్పు పోరు. నూట నలభై మంది తేలారు. రానూపోనూ ఆటో 60 రూపాయలు. అంటే ఒక్క ఆటో ఛార్జీలే నెలకి 8,400. ప్రభుత్వానికి మిగిలేది 4,600! తోడు వెళ్లిన మనిషి పోగొట్టుకునే పూట కూలి ఇందులో కలపలేదు. కలిపితే పెంచి చూపించామంటారని నేనే వద్దన్నాను.

మా వదిన వరసయ్యే ఒకావిడ అయితే తేల్చి చెప్పేసింది. "అరవై పెట్టి ఎవరెళతారమ్మా, మానేస్తాం." అసలు భయం నాకు అదే. మాత్రలు మానేసిన బీపీ ఒకరోజు పక్షవాతమై పడితే అమలాపురం ఏరియా ఆస్పత్రి, అక్కణ్ణుంచి కాకినాడ పెద్దాసుపత్రి జీజీహెచ్. ఆ ఖర్చు పీహెచ్‌సీ పేజీలోనూ రాదు, మా పుస్తకంలోనూ రాదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో వైద్యానికయ్యే ఖర్చులో 64.2 శాతం జనమే సొంతంగా పెట్టుకున్నారు, 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగింది. మాత్రలు ఊళ్లోనే ఊరికే దొరకడం ఆ దిగడంలో ఎంతో కొంత ఉండే ఉంటుందని నా అభిప్రాయం.

సభ టైము మార్పించడం ఇంకో పని. పదకొండు గంటలకి అరటి కోతలకి పోయినవాళ్లు, కొబ్బరి దింపులకి పోయినవాళ్లు ఎలా వస్తారు? సర్పంచ్ గారి దగ్గరికి సంఘాల లీడర్లందరం కలిసి వెళ్లాం. సాయంత్రం ఐదుకి మార్చారు. ఆయన్ని కలిసినప్పుడే ఒక తమాషా జరిగింది. ఉపకేంద్రం స్థాయిలో జన్ ఆరోగ్య సమితి అని ఒకటి ఉంటుంది, దానికి సర్పంచే అధ్యక్షుడు. క్లినిక్‌కి ఏటా వచ్చే అన్‌టైడ్ ఫండ్ (ఫలానా దానికే అని కట్టు లేని డబ్బు) ఎలా ఖర్చు పెట్టాలో ఆ సమితే చూడాలి. ఈ సంగతి ఆయనకి మేం చెప్పేదాకా తెలీదు. "నేనేంటమ్మా, అధ్యక్షుణ్ణా?" అని నవ్వారు. ఆ తర్వాత సభలో మాత్రం అధ్యక్షుడి హోదాలోనే గట్టిగా మాట్లాడారనుకోండి.

ఇక సభ. ఇలాంటి సభలకి వెళ్లేవాళ్లకి ఒకటి చెప్పాలి. ముందే రిజిస్టరు తిప్పుతారు, హాజరు అని సంతకాలు పెట్టిస్తారు. పైన పేజీ ఖాళీగా ఉంటుంది. తీర్మానం తర్వాత రాస్తారు. మోసం చేయాలనే అలా చేస్తారని అనను, ఎప్పటి నుంచో అలవాటైపోయింది. కానీ ఖాళీ కాగితం కింద సంతకం పెట్టడానికి మా సంఘాల వాళ్లెవరూ ఒప్పుకోలేదు. హాజరు వేరే పేజీలో పెట్టించి, తీర్మానం చదివి వినిపించాకే దాని కింద సంతకాలు పెడతామన్నాం. సెక్రటరీ గారి మొహం కాస్త ముడుచుకుంది గానీ పేజీ తిప్పారు.

మొదటి అరగంట డ్రైనేజీలకీ పింఛన్లకీ పోయింది. తర్వాత ఇద్దరు కుర్రాళ్లు ఏ ప్రభుత్వం క్లినిక్ పెట్టింది, ఏ ప్రభుత్వం తీసేస్తోంది అని మొదలెట్టారు. సర్పంచ్ గారు మైకు లాక్కోకపోతే అక్కడితోనే సభ ముగిసేది. మా ఊరి పెద్దాయన ఒకరు లేచి, "ఆయ్, మాకు పెద్ద డాక్టరు రాకపోయినా పర్లేదండి, ఆ మాత్రలిచ్చే అమ్మాయిని మాత్రం ఉంచండి" అంటే అందరూ నవ్వారు, చప్పట్లూ కొట్టారు. వచ్చిన ఆఫీసరు గారు "తీసేస్తామని మేమనలేదు, అభిప్రాయమే అడుగుతున్నాం" అన్నారు.

నా వంతు వచ్చాక ఆటో లెక్క చదివాను. ఆయన విని, "ప్రజల ఆటో ఖర్చు మా బడ్జెట్‌లోకి రాదు కదమ్మా" అన్నారు.

"రాదనే తెలుసండి. అందుకే మినిట్స్‌లోకి రావాలంటున్నాం."

రాయించారు. వద్దు అనడం ఒక్కటే కాకుండా ఖర్చు తగ్గే మార్గాలు కూడా కాగితం మీద పెట్టి ఇచ్చాం. అద్దె ఇల్లు వదిలేసి పంచాయతీ బిల్డింగు పై గది వాడుకోవచ్చు, అద్దె మొత్తం మిగులుతుంది, వరదకీ మునగదు. ఎమ్మార్ టీకా వరకు రెండు ఊళ్ల పిల్లలకీ నెలలో ఒక బుధవారం ఒకే చోట వేయొచ్చు. తల్లులతో ముందే మాట్లాడాం, ఒప్పుకున్నారు, ఆశా వర్కర్ పిలుచుకెళ్తానంది. మందుల ఇండెంటు నిరుటి వాడకం చూసి పెట్టాలి. వరదలు మొదలయ్యే ముందు, జూన్ చివర్లోనే, బీపీ, షుగరు మాత్రలు రెండు నెలలకి సరిపడా ఇవ్వాలి.

ఇంకొకటి కూడా అడిగాం. ఊరి చివర క్లినిక్ కోసమే కట్టిన బిల్డింగు ఉంది. పిల్లర్లు లేచాయి, శ్లాబు పడింది, బిల్లు రాలేదని పని అక్కడే ఆగింది. ఇప్పుడు శ్లాబు మీద కొబ్బరి మట్టలు ఎండబెట్టుకుంటున్నారు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది, సొంత గూడు లేని ఉపకేంద్రాలకి భవనాలు కట్టడం అందులో ఒక పద్దు. మా బిల్డింగు ఏ పద్దు కిందిదో, మిగతా పనికి ఎంత కావాలో చెప్పమన్నాం. దీనికి మాత్రం ఆఫీసరు గారి దగ్గర జవాబు లేదు. ఇంజినీరింగ్ వాళ్లని అడిగి చెబుతామన్నారు.

తీర్మానం రాసేసరికి చీకటి పడింది. మొదటిసారి రాసినదాంట్లో "గ్రామస్తులు సేవల హేతుబద్ధీకరణకు సూచనలు ఇచ్చారు" అని ఉంది. చదివి వినిపించమన్నది ఇందుకే. ఆ వాక్యం పట్టుకుంటే రేపు ఏదైనా చేయొచ్చు. "క్లినిక్ ఊళ్లోనే ఉండాలని సభ కోరింది, ఖర్చు తగ్గించడానికి ఈ కింది మార్గాలు సూచించింది" అని మార్పించి, అప్పుడు పెట్టాం సంతకాలు. కాపీకి సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

నిర్ణయం వర్షాలు మొదలయ్యాక వచ్చింది. క్లినిక్ మా ఊళ్లోనే, పంచాయతీ పై గదిలో. ఎమ్మార్ టీకా రెండో బుధవారం గట్టు మీద. మాత్రలు ఆ జూన్‌లో ఒక నెలకే ఇచ్చారు, రెండో నెలవి పడవ మీద వచ్చాయి. దగ్గు సిరప్పులు ఈసారి తక్కువే దిగాయి. పై గది మెట్లెక్కలేక మోకాళ్ల నొప్పులవాళ్లు ఇప్పుడు నన్నే తిడుతున్నారు. వాళ్ల కోసం క్లినిక్ మేడమ్ బీపీ మిషను పట్టుకుని కిందికి దిగి బెంచీ దగ్గర చూస్తున్నారు. బిల్డింగు సంగతి ఎక్కడిదక్కడే ఉంది. సర్పంచ్ గారి సంతకంతో రెండో ఉత్తరం పంపించాం.

ఆర్డరు చివర్లో ఏడాది తర్వాత మళ్లీ సమీక్షిస్తామని ఉంది. అందుకని సంఘం పుస్తకంలో ఆటో ఛార్జీల పేజీ మూసేయలేదు. క్లినిక్‌లో పద్నాలుగు రకాల పరీక్షలు చేయాలి, కొన్నిటికి కిట్లు లేక గట్టు మీదకి పంపుతున్నారు. ఆ వెళ్లినవాళ్ల పేరు, తేదీ, ఏ పరీక్ష, ఆటోకి ఎంత, అవి కూడా ప్రతి మీటింగులో ఆ పేజీలోనే రాయిస్తున్నాను.