ముందు అట్ట చూడండి

విక్టోరియా కాలపు స్టూడియో ఫొటో చేతికొస్తే, అది ఏ ఏళ్లదో పట్టుకోవడానికి మొహం కన్నా ముందు ఫొటో అతికించిన అట్ట చూడాలి. సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు ఉంటే అది కార్ట్ ద విజిట్, అంటే విజిటింగ్ కార్డంత ఫొటో. పారిస్‌లో డిస్డేరి అనే ఫొటోగ్రాఫర్ 1854లో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. నాలుగుంబావు, ఆరున్నర అంగుళాలైతే క్యాబినెట్ కార్డు. 1866 ప్రాంతంలో మొదలైంది. పల్చటి అట్ట, మొనదేలిన మూలలు 1860ల గుర్తు. గుండ్రటి మూలలు 1870ల నుంచి ఎక్కువయ్యాయి. దుస్తుల్ని మాత్రమే చూసి ఏడాది తేల్చేయకండి, పాత బట్టలతో ఫొటో దిగినవాళ్లూ ఉన్నారు.

నకలేమో అని అనుమానం వస్తే పదింతల భూతద్దం పెట్టండి. చుక్కల వరసలు కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చేసింది. అసలు ఆల్బుమెన్ ప్రింటులో (కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసిన ఫొటోలో) చుక్కలుండవు, సన్నటి కాగితం పీచు కనిపిస్తుంది.

తెల్లగా ఉండాల్సిన చోట పసుపు, అంచుల్లో వెలిసిపోవడం మామూలే. సరిగా కడిగి తీసేయని హైపో (బొమ్మ నిలిచేలా చేసే రసాయనం), నాసి జిగురు, తేమ దానికి కారణాలు. తడిగుడ్డ అసలు తగలనివ్వొద్దు. అట్ట నుంచి ఫొటో ఊడదీయడం అన్నిటికన్నా పెద్ద తప్పు: వెనక ముద్రించిన స్టూడియో పేరు, చిరునామా పోతే తేదీ పట్టుకునే దారే పోతుంది. సికింద్రాబాద్ దీన్ దయాళ్ స్టూడియో కార్డయినా, లండన్ వీధి స్టూడియోదైనా ఇదే మాట. దాచడానికి పాలిస్టర్ కవర్లే. పీవీసీ అనే ప్లాస్టిక్ నుంచి వెలువడే ఆమ్లం బొమ్మను తినేస్తుంది.