ఓవరాల్ ఏడు, రైటింగ్ అయిదున్నర

మొన్న మంగళవారం, విదేశాల్లో చదువు కోసం రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఫలితం వచ్చింది. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7. ఎనిమిదులూ తొమ్మిదులూ తెచ్చుకునేవాళ్లకు ఇవి చెప్పుకోదగ్గ అంకెలు కావు. కానీ అందులో మూడో అంకె కోసం నేను ఏడు నెలలు తిప్పలు పడ్డాను. ఫీజు రెండుసార్లు కట్టాను, మధ్యలో పునఃపరిశీలనకు మరోసారి కట్టాను. కాబట్టి కాస్త గొప్పలు చెప్పుకుంటే ఓర్చుకోండి. ఇదే పరీక్షకు సిద్ధమవుతున్న మీకు అది ఎలా ఉంటుందో తెలుసు, ఆ వివరాల జోలికి వెళ్లను.

మాది పాత ప్రకాశం జిల్లా, కనిగిరి దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం, తర్వాత గుంటూరులో బీఫార్మసీ. ఐర్లండ్‌లో ఫార్మా పరిశ్రమ పెద్దది కాబట్టి ఎమ్మెస్సీ అక్కడే చేయాలనుకున్నాను. నేను ఎంచుకున్న విశ్వవిద్యాలయం ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో ఓవరాల్ 6.5 అడిగింది, అంటే నాలుగు విభాగాల సగటు. దాని కిందే చిన్న అక్షరాల్లో మరో వాక్యం ఉంది. ఏ విభాగంలోనూ 6కు తగ్గరాదు. ఆ వాక్యాన్ని నేను పరీక్షకు ముందు చదివాను. చదివి పక్కన పెట్టాను. నాకు భయమంతా స్పీకింగ్ మీదే ఉండేది.

మొదటిసారి కాగితం మీద రాశాను. కీబోర్డు కన్నా కలమే నయమనిపించింది. పదమూడో రోజున ఫలితం. లిజనింగ్ 8, రీడింగ్ 7, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6.5. నాలుగూ కలిపి భాగిస్తే 6.75, దాన్ని పైకి సవరిస్తారు కాబట్టి ఓవరాల్ 7. నాన్న చూసింది ఆ ఏడునే. ఆయన అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మైసూర్‌పాక్ పంచుతుంటే, నేను గదిలో కూర్చుని ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. నా తరగతిలోనే చదివిన మరో అమ్మాయికి రెండు ఆరులు, రెండు ఆరున్నరలు వచ్చాయి. సగటు 6.25, ఓవరాల్ 6.5. మొత్తం కలిపితే నాకన్నా రెండు బ్యాండ్లు తక్కువ (ఈ పరీక్షలో మార్కులను బ్యాండ్లంటారు). సీటు తనకు వచ్చింది. మైసూర్‌పాక్ మాకు మిగిలింది.

ఒక్క విభాగమే మళ్లీ రాసే వీలుంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది, కానీ అది కంప్యూటర్ మీద రాసినవాళ్లకే. అసలు పరీక్ష రాసిన 60 రోజుల లోపు, ఒక్క విభాగం, ఒక్కసారి. దాన్ని మీ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. కలం మీద నమ్మకంతో నేను ఆ దారిని ముందే మూసేసుకున్నాను.

మూల్యాంకనంలోనే తప్పు జరిగిందని నాకు గట్టి నమ్మకం. పరీక్ష తేదీ నుంచి ఆరు వారాల్లోగా పునఃపరిశీలన కోరవచ్చు, బ్యాండు పెరిగితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. కట్టాను. అయిదున్నర అయిదున్నరగానే తిరిగి వచ్చింది. అప్పటికీ నా నమ్మకం చెక్కుచెదరలేదు. నా చేతిరాత వాళ్లకు అర్థం కాలేదేమో అన్నాను. ఇన్ని మంచి మాటలు వాడితే తక్కువ వేస్తారా అన్నాను. కోచింగ్‌లో మాకు రెండు పేజీల టెంప్లేట్ ఇచ్చారు. మొదటి వాక్యం ఇది, చివరి వాక్యం ఇది, మధ్యలో ఈ పది మాటలు తప్పక రావాలి. ‘ప్లెథోరా’ (కుప్పలు తెప్పలు అనడానికి గంభీరమైన మాట) లేకుండా నేను ఒక్క వ్యాసమూ రాసి ఎరుగను. నాణేనికి రెండు వైపులుంటాయన్న వాక్యంతో మొదలుపెట్టని రోజు లేదు.

సంక్రాంతికి ఊరు వెళ్లాను. మా పెదనాన్న కూతురు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్. తను ఐఈఎల్‌టీఎస్ రాయలేదు, దాని పేరు వినడం తప్ప పద్ధతి కూడా తెలియదు. నా వ్యాసం చూడమంటే, అరిసెలు వత్తుతూ, చేతికి నూనె ఉంది, నువ్వే చదువు వింటాను అంది. పరీక్షలో వచ్చిన ప్రశ్న బయట చెప్పకూడదు కాబట్టి, ఇంట్లో సాధన కోసం రాసుకున్న వ్యాసం చదివాను. పల్లెల నుంచి యువత నగరాలకు వెళ్లిపోతోంది, దీనివల్ల మేలు ఎక్కువా, కీడు ఎక్కువా అన్నది ప్రశ్న. రెండు మేళ్లు, రెండు కీడులు, చివర ప్రభుత్వమూ ప్రజలూ చేయి చేయి కలపాలన్న పిలుపు. మొత్తం 290 మాటలు. గొంతు సవరించుకుని మరీ చదివాను.

అక్క అంతా విని, “ఇంతకీ మేలు ఎక్కువంటావా, కీడు ఎక్కువంటావా?” అంది.

“రెండూ ఉన్నాయి అక్కా.”

“రెండూ ఉన్నాయని ప్రశ్నలోనే ఉంది కదే. ఏది ఎక్కువని కదా వాళ్లు అడిగింది?”

నా దగ్గర జవాబు లేదు. రాయడం మరిచిపోయానని కాదు, అసలు ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. ఏడాదిగా వ్యాసాలు రాస్తున్నాను, ఒక్క ప్రశ్నకూ నాకంటూ ఒక అభిప్రాయం ఉందా అని చూసుకోలేదు.

“సరే, ఇంగ్లిష్ వదిలెయ్. మన ఊరి సంగతే తెలుగులో చెప్పు” అంది.

చెప్పాను. పొలాలు కౌలుకు పోయాయి, మా వీధిలో ఆరు ఇళ్లకు తాళాలు, ప్రాథమిక పాఠశాలలో పిల్లలు పట్టుమని పదిహేను మంది లేరు. మరోవైపు, పెద్దమ్మ మోకాలి ఆపరేషన్‌కు డబ్బు పంపింది బెంగళూరులో ఉన్న బావే. ఈ ఇంటికి శ్లాబు పడింది కూడా అలాగే. “మరి తూచి చూస్తే?” అని అడిగింది. కాసేపు ఆలోచించి, “వెళ్లినవాళ్ల సంపాదన ఊరికి తిరిగి వస్తున్నంతకాలం మేలే ఎక్కువ. రావడం ఆగిన రోజున కీడు మొదలవుతుంది” అన్నాను. అక్క అరిసె తిరగేస్తూ, “ఆ మాట నీ కాగితంలో ఎక్కడుంది?” అంది.

నిజం చెప్పాలంటే నాకు ఆ రాత్రి కోపం వచ్చింది, అక్క మీద కాదు, ఆ టెంప్లేట్ మీద. నాలుగు కొలమానాలతో రైటింగ్‌కు మార్కులు వేస్తారని, నాలుగింటికీ సమాన విలువ అని, అందులో మొదటిది అడిగినదానికి జవాబిచ్చామా లేదా అన్నదే అని మీరూ చదివే ఉంటారు. నేనూ చదివాను. చదవడం వేరు, వంటింట్లో అరిసెల మూకుడు ముందు పట్టుబడటం వేరు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. రైటింగ్‌లో వ్యాసం రాసే టాస్క్ 2కు నలభై నిమిషాలు. మొదటి ఆరేడు నిమిషాలు ఇంగ్లిష్ జోలికే పోను. జవాబు ఒక్క వాక్యంలో తెలుగులో. ఎందుకో రెండు కారణాలు, ఒక్కోదానికి మన చుట్టూ కనిపించే ఒక ఉదాహరణ, అవీ తెలుగులోనే. ఆ తర్వాతే ఇంగ్లిష్. ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని కోచింగుల్లో నూరిపోస్తారు. ఆలోచనంటూ ఉంటే ఏ భాషలో ఉన్నా ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవచ్చు, లేనప్పుడు ఇంగ్లిష్‌లో వెతికితే దొరికేది ‘ప్లెథోరా’ ఒక్కటే. ఇది అందరికీ కుదురుతుందో లేదో చెప్పలేను. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినవాళ్లకు అవసరం ఉండకపోవచ్చు. నాకు మాత్రం కుదిరింది.

రోజుకో వ్యాసం రాసి అక్కకు వాట్సాప్‌లో ఫొటో పంపేదాన్ని. తను బడి ముగిశాక చూసి, ఆ ఫొటో మీదే ఎర్ర రంగుతో రెండే పనులు చేసేది. జవాబు ఉన్న వాక్యం కింద గీత గీసేది. గీత గీయడానికి వాక్యం దొరక్కపోతే సున్నా చుట్టి పంపేది. మొదటి వారంలో నాలుగు సున్నాలు వచ్చాయి. రెండో పని నేను వదిలేసిన ఇంగ్లిష్ ఆర్టికల్స్ ‘ఎ’, ‘ద’లు పెట్టడం. తెలుగులో ఆ రెండింటికీ సరిపోయే మాటలు లేవు కాబట్టి మన చెవికి వాటి లోటు తెలియదు. చివరి మూడు నిమిషాలు వాటి కోసమే, క్రియ చివర ‘ఎస్’ కోసమే కేటాయించుకోండి. ‘డిస్కస్ అబౌట్’, ‘ఇన్ఫర్మేషన్స్’, ‘రిటర్న్ బ్యాక్’ లాంటి తప్పులు మన ఇంటి బిడ్డలు, పిలవకుండానే వచ్చేస్తాయి.

గ్రాఫ్ లాంటిది ఇచ్చి వర్ణించమనే టాస్క్ 1లో నా తప్పు మరోలాంటిది. గ్రాఫ్‌లో గీత పడిపోతే ఎందుకు పడిందో కారణాలు కల్పించేదాన్ని. ఫార్మసీ చదువు అలవాటు. అక్కడ కారణాలు ఎవరూ అడగరు. మొత్తం మీద కనిపిస్తున్నది ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి, ముఖ్యమైన అంకెలు పోల్చి ఇరవై నిమిషాల్లో బయటపడాలి. టాస్క్ 2 విలువ దీనికి రెట్టింపు. మొదటిసారి నేను టాస్క్ 1కే ముప్పై అయిదు నిమిషాలు తగలేశాను, అందులో కొంత మాటలు లెక్కపెట్టుకోవడానికే పోయింది. కంప్యూటర్‌లో ఆ లెక్క తెర మీదే కనిపిస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. లిజనింగ్‌లో ఒక్కసారే వినిపిస్తారు కాబట్టి పోయిన జవాబు కోసం ఏడుస్తూ తర్వాతి రెండు పోగొట్టుకోకండి. ఆస్ట్రేలియా యాసలో ‘ఎ’ అక్షరం ‘ఐ’లా వినిపిస్తుంది, పేర్లలో అక్షరాలు చెప్పేటప్పుడు జాగ్రత్త. రెండు మాటలకు మించకూడదంటే మూడో మాట రాస్తే సున్నాయే. రీడింగ్‌లో ‘నాట్ గివెన్’ (పాఠంలో చెప్పలేదు) అన్న జవాబు దగ్గర మన తెలివితేటలు, లోకజ్ఞానం పక్కన పెట్టాలి. నిజజీవితంలో నిజమే అయినా పాఠంలో లేకపోతే లేనట్టే. స్పీకింగ్‌లో పరీక్షకురాలు మధ్యలో ఆపితే కంగారు పడకండి, ఆవిడకు సమయం లెక్క ఉంటుంది. యాస అనుకరించే పని అసలే పెట్టుకోవద్దు. నా తెలుగు యాసతోనే నాకు 7 వచ్చింది.

రెండోసారి రాస్తే ఎవరికైనా పెరుగుతుందిలే అని మా బంధువొకాయన అన్నారు. ఆయనకు చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను. అలవాటు వల్లే పెరిగితే లిజనింగ్ 8 నుంచి 7.5కు ఎందుకు తగ్గింది? పెరిగింది పనిచేసిన చోటే. సంక్రాంతి తర్వాత రోజూ అయిదింటికి లేచాను. ఇన్‌స్టాగ్రామ్ తీసేశాను. స్నేహితురాలి పెళ్లికి వెళ్లి భోజనం చేసి, ఫొటోలకు నిలబడకుండా వచ్చేశాను, తను ఇంకా అలిగే ఉంది. ఎవరో ఇచ్చిన రెండు పేజీలు బట్టీ పట్టడం కూడా బద్ధకమే అని, అది కష్టంలా కనిపించే బద్ధకమని నాకు ఈ ఏడు నెలల్లో తెలిసింది. ఉపన్యాసంలా ఉందని తెలుసు. ఈ వారం నాకు ఆ హక్కు ఉందనుకుంటున్నాను.

ఫలితం రాగానే ముందు అక్కకు ఫోన్ చేశాను. తరగతిలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. నాన్న పొలం నుంచి వచ్చాక చూపించాను. కళ్లజోడు పెట్టుకుని అంకెలన్నీ వరుసగా చదివి, చివర ఓవరాల్ దగ్గర ఆగారు.

“అప్పుడూ ఏడే, ఇప్పుడూ ఏడే కదమ్మా” అన్నారు. “మరి మధ్యలో అంత డబ్బు ఎందుకు కట్టాం?”

కాగితం తీసుకుని లెక్క వేసి చూపించడానికి అరగంట పట్టింది. అంతా విని, ఈసారి మైసూర్‌పాక్ సీటు ఉత్తరం వచ్చాకే తెస్తానన్నారు.